రెండు వేళ్ళు తక్కువ రింగు

పోయిన ఆదివారం పొద్దున్న మా తమ్ముడు చోడవరం నుంచి బస్సులో విశాఖపట్నంలో మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ తెచ్చే బెల్లం, వంకాయల సంచీతో పాటు ఈసారి వాడి చేతిలో గోనెపట్టా చుట్టి పురికొసతో కట్టిన గుండ్రటి వస్తువు ఒకటి ఉంది. దాన్ని సోఫాకి ఆనించి, మంచినీళ్ళు తాగి, మా ఊళ్ళో రోడ్డు వెడల్పు చేస్తున్నారనీ, నాన్న కొలిమి సాల ముందుభాగం అందులో పోతుందనీ, కొలిమి వెలిగించి ఎలాగూ చాలా ఏళ్ళయింది కాబట్టి సాల మొత్తం ఖాళీ చేసేస్తున్నాననీ చెప్పుకొచ్చాడు. ఈ వస్తువు కొలిమికి గాలి ఊదే తిత్తి వెనక, బయటికి కనపడకుండా గోడకి, వాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ మేకుకి వేలాడుతూనే ఉందట.

"బండి పట్టా అనుకుందుమా, ఇంత సిన్న సక్రం ఏ బండికీ నేదు కదప్పా. పాత ఇనుము వాడికి ఇచ్చీబోయి, ఒకపాలి నీకు సూపిద్దామని తెచ్చేను" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. వాడికి యాభై దాటినా, నాకు అరవై దాటినా ఆ పిలుపు మారలేదు.

గోనెపట్టా విప్పగానే లోపలి అంచున వరసగా పన్నెండు చిన్న కొక్కేలు కనిపించాయి. ఎడ్ల నాడాలకి కొట్టే మేకులు వంచి బిగించినవి. ఆ కొక్కేలు నాకు తెలుసు. ఒక్కొక్కదానికీ వల ముడి వేసింది నేనే. నేను బాస్కెట్‌బాల్ నేర్చుకున్న మొట్టమొదటి రింగు అది, మా నాన్న చేత్తో చేసింది. నలభై ఏళ్ళ పైబడి అది కొలిమిలో కరిగిపోయిందనే నమ్ముతున్నాను, ఎందుకంటే అలా అని నాన్నే నాతో చెప్పాడు, ఆయన నోట అబద్ధం నేనెప్పుడూ విని ఉండలేదు. తమ్ముడికి ఉప్మా చేస్తానని వంటింట్లోకి వెళ్ళి, రవ్వ డబ్బా తీసి, పొయ్యి వెలిగించడమే మరిచిపోయాను.

నా ఈడు వాళ్ళకి ఎడ్లబండి గురించి చెప్పనక్కర్లేదు. కానీ చక్రానికి ఇనుప పట్టా ఎలా వేస్తారో చూసిన వాళ్ళు మనలో కూడా తక్కువే అయి ఉంటారు. పట్టాని చక్రం కంటే కొంచెం చిన్నదిగా చెయ్యాలి. పిడకల మంటలో అది ఎర్రగా కాలి సాగాక, నలుగురు పటకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, బిందెలతో నీళ్ళు కుమ్మరిస్తే, బుసబుసమని ఆవిరి లేచి, పట్టా బిగుసుకుని కర్రని కావలించుకుంటుంది. ఎంత తగ్గించాలన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు, కమ్మరి చేతిలో ఉంటుంది. మా నాన్న వేసిన పట్టా ఊడిందని ఇటు రోలుగుంట వైపు వాళ్ళు గానీ అటు కె.కోటపాడు వైపు వాళ్ళు గానీ ఎవరూ ఏనాడూ అనలేదు. చెరుకు బళ్ళు గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వరసకట్టి వెళ్ళే రోజుల్లో మా సాల ముందు ఎప్పుడూ ఓ నాలుగు బళ్ళు ఆగి ఉండేవి, ఆ ఎడ్ల గంటల మధ్యే నేను ఎక్కాలు వల్లెవేశాను. నాన్న మాటలు తక్కువ మనిషి. ఉన్న గర్వమంతా ఆ ఒక్క విషయంలోనే ఉండేది.

దసరాకి మా ఇంట్లో అమ్మవారి కంటే ముందు సాలలో సామానుకే పూజ. సుత్తి, సమ్మెట, పటకార్లు, ఇనుము పెట్టి కొట్టే దాగలి, అన్నీ కడిగి, పసుపు రాసి, ఒక్కొక్కదానికీ నాన్న తన చేత్తో బొట్టు పెట్టేవాడు. అందులో ఆయనకి ఒక నియమం ఉండేది. విరిగినదానికీ, పని తప్పినదానికీ బొట్టు లేదు. అలాంటివి పండగ ముందు రోజే ఏరి కొలిమిలో పడేసేవాడు. చిన్నప్పుడు నాకిష్టమైన ఓ చిన్న సుత్తి అలాగే పోతే రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇక నా సంగతి. నేను చిన్నప్పటి నుంచీ పొడుగు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మా ఆడపిల్లల హైస్కూల్లో టీచర్లందరి కంటే ఒక జాన ఎక్కువే ఉన్నాను. నాయనమ్మ నన్ను గుమ్మంలో చూసినప్పుడల్లా, ఇంక ఆగవే తల్లీ అన్నట్టు పైకి చూసి దణ్ణం పెట్టేది, దేవుడికో నాకో తెలిసేది కాదు. వరసలో అందరికన్నా వెనక నిలబడి, ఫోటోల్లో మోకాళ్ళు వంచి, వంగి నడవడం అలవాటు చేసుకున్న నన్ను మా డ్రిల్లు మాస్టారు ఓ రోజు పిలిచి, నిటారుగా నిలబడమని, చెయ్యి పైకెత్తమని, తరవాత ఎగరమని చెప్పి, ఎగిరాక నవ్వి ఊరుకున్నారు. ఆయన కుర్రతనంలో కాకినాడలో బాస్కెట్‌బాల్ ఆడినవారు. మర్నాడు ఎక్కడి నుంచో అతుకులేసిన బంతి ఒకటి తెచ్చారు. బోర్డు వడ్రంగి చేసి ఇచ్చాడు, స్తంభానికి పాత టెలిఫోను స్తంభం దొరికింది, రింగు మాత్రం లేదు.

మాస్టారు మా సాలకి వచ్చి నేల మీద సుద్దముక్కతో వృత్తం గీసి, అడ్డంగా పద్దెనిమిది అంగుళాలు ఉండాలని చెప్పారు. నాన్న ఆ గీతని చుట్టూ తిరిగి ఓసారి చూసి, "మిగతాది నాకొగ్గేయండి బాబూ" అన్నాడు. మా గుంట, అంటే మా పిల్ల, ఆడుతుందంటే కూలి తీసుకుంటానా అని, మాస్టారు జేబులో చెయ్యి పెట్టకముందే ఆ చెయ్యి పట్టుకున్నాడట. అర అంగుళం మందం ఉన్న మంచి బండి పట్టా ఇనుము తీసి, రెండు రోజులు వేరే పని ముట్టుకోకుండా ఆ రింగు చేశాడు.

పొరపాటు అక్కడే జరిగింది. వృత్తం గీతకి బయట పెట్టాల్సిన ఇనుముని ఆయన లోపలికి పెట్టాడు. దాని మీద, ముప్ఫై ఏళ్ళుగా పట్టాలు బిగిస్తున్న చెయ్యి కదా, చెప్పకుండానే మరి కాస్త తగ్గించేసింది. అలా రింగు అడ్డంగా రెండు వేళ్ళు తక్కువ వచ్చింది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. బోర్డుకి బిగించాక చూస్తే ఎంత ముద్దుగా ఉందో! మాస్టారు కూడా ముచ్చటపడ్డారే గానీ మళ్ళీ కొలవలేదు.

ఆ రింగులో బంతి పడాలంటే సరిగ్గా నడిమధ్యకి రావాలి. అణా మందం పక్కకి వచ్చినా ఠంగుమని కొట్టుకుని, ఎటు పడితే అటు ఎగిరిపోయేది. మేం పన్నెండు మంది ఆడపిల్లలం, ఆ ఆట అంతే కాబోలు, బాస్కెట్‌బాల్‌లో బంతి పడడం అనేది శివరాత్రి లాగ ఎప్పుడో వచ్చే పండగ కాబోలు అనుకునేవాళ్ళం. పడని బంతి ఎటు ఎగురుతుందో చప్పుడుని బట్టి నాకు తెలిసిపోయేది. ఠంగుమంటే దూరంగా, టక్కుమంటే ముందుకి, రాపిడి చప్పుడైతే పక్కకి. మిగతావాళ్ళు పైకి చూస్తూ ఉండగానే నేను అక్కడికి చేరి, ఎగిరి, అందుకుని, మళ్ళీ వేసేదాన్ని. మళ్ళీ తిరిగొచ్చేది. మళ్ళీ ఎగిరేదాన్ని. మావయ్య పాత చొక్కా, నాడా పైజమా, రెండు జడలు మడిచి కట్టిన రిబ్బన్లు, ఆ వేషంలో నన్ను చూసి గోడ అవతల జనం నవ్వేవారు. బంతి చేతికందే ఆ క్షణంలో మాత్రం నా పొడుగు నాకు బరువుగా అనిపించేది కాదు.

నాన్న సాయంత్రం పని అయ్యాక వచ్చేవాడు. ఆట చూడడానికి కాదు, రింగు చూడడానికి. నిచ్చెన వేసుకుని బోల్టులు బిగించి, మా గుంటలు ఎగిరే కాడ వదులు ఉండకూడదని గొణుక్కుంటూ దిగేవాడు. దిగాక కాసేపు గోడకి ఆనుకుని నిలబడేవాడు. నేను వేసిన బంతి ఎప్పుడైనా పడితే నావైపు కాకుండా రింగువైపు చూసి తల ఊపేవాడు. అదేమిటో నాకు అప్పట్లో కోపంగా ఉండేది. పడింది నా వల్ల కదా, రింగు వల్ల కాదు కదా అనుకునేదాన్ని.

విశాఖపట్నంలో ఆడపిల్లల కాలేజీలో చేరిన మొదటి వారం సెలెక్షన్లు పెట్టారు. సిమెంటు కోర్టు, గీతలకి తెల్ల రంగు, రెండు వైపులా రింగులు, మా స్కూల్లో ఒకటే ఉండేది కాబట్టి రెండో రింగు ఎందుకో అర్థం కావడానికే నాకు కాస్త సేపు పట్టింది. బంతి ఇచ్చి వెయ్యమన్నారు. వేశాను, పడింది. మళ్ళీ వేశాను, పడింది. పదింటిలో తొమ్మిది పడ్డాయి. నేనేదో ఘనకార్యం చేశానని కాదు, ఈ రింగులో ఏదో లోపం ఉందని నాకు గట్టిగా అనిపించింది. నాకు నోరాగదు కదా. ఫిజికల్ డైరెక్టరు మేడం దగ్గరికి వెళ్ళి, ఈ రింగు పెద్దదైపోయిందండీ, కమ్మరి దగ్గర సరిచేయించాలి అని చెప్పాను. అక్కడున్న సీనియర్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. మేడం మాత్రం నవ్వకుండా టేపు తెప్పించి నా చేతే కొలిపించింది. సరిగ్గా పద్దెనిమిది అంగుళాలు.

ఫార్వర్డ్‌గా, అంటే రింగు దగ్గర ఆడే స్థానంలో, నన్ను తీసుకున్నారు. నేను వేసే బంతుల కంటే, ఎవరో వేసి తప్పిన బంతులని నేను అందుకునే తీరు చూసి తీసుకున్నామని మేడం తరవాత చెప్పింది. ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఏం చెప్పను? సెలవులకి ఇంటికి వెళ్ళి, స్కూలుకి సెలవు రోజు చూసుకుని, నిచ్చెన ఎక్కి పురికొసతో మా రింగు కొలిచాను. రెండు వేళ్ళు తక్కువ. నిచ్చెన మీద కూర్చుని ముందు నవ్వాను, ఆ నవ్వులోనే భయం వేసింది. ఇది నాన్నకి తెలియకూడదు. ఎన్ని ఊళ్ళ బళ్ళు ఆయన కొలత మీద నడుస్తున్నాయో నాకు తెలుసు. పురికొసని జేబులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా రెండేళ్ళు దాచాను. నా నోటికి అది సామాన్యమైన పని కాదు.

యూనివర్సిటీ టీములో ఆడి, రాష్ట్రం టీముకి ఎంపికైన ఏడు, మా స్కూలువాళ్ళు నాకు సన్మానం చేశారు. షామియానా, మైకు, బంతిపూల దండ, శాలువా. నాన్న ఆ రోజు కొలిమి ఆర్పేసి, ఇస్త్రీ చేయించిన తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో, కుర్చీ అంచున కూర్చున్నాడు. నా చేతికి మైకు ఇచ్చారు. నాయనమ్మ దణ్ణాల గురించి చెబితే జనం నవ్వారు. ఫోటోల్లో మోకాళ్ళు వంచడం గురించి చెబితే ఇంకా నవ్వారు. పందొమ్మిదేళ్ళ పిల్లకి అంతమంది నవ్వు ఎలా తలకెక్కుతుందో మీకు తెలుసు. దాచిన మాట పెదవి మీదికి వచ్చేసింది. "మా నాన్న రింగుని కూడా బండి పట్టా అనుకుని రెండు వేళ్ళు తక్కువ సేసీసేడండి! దాన్లో పడక తిరిగొచ్చిన బంతులు ఏరుకుని ఏరుకుని నేను ఫార్వర్డుని అయ్యేను" అన్నాను.

షామియానా ఎగిరిపోయేలా నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. అది తన గురించేనని ముందు ఆయనకి అందలేదు. అందాక ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఎలా తీసెయ్యాలో తెలియనట్టు. మా డ్రిల్లు మాస్టారు తల దించుకున్నారు. నేను చూశాను. చూసి కూడా చప్పట్లు ఆగే దాకా నవ్వుతూనే నిలబడ్డాను. నా జీవితంలో నేను ఎన్నో బంతులు వదిలేశాను గానీ, ఆ క్షణం వదిలినట్టు దేన్నీ వదల్లేదు. అప్పుడే దిగి వెళ్ళి ఆయన పక్కన నిలబడి ఉంటే సరిపోయేది.

మర్నాడు పొద్దున్నే నాన్న నిచ్చెన భుజాన వేసుకుని స్కూలుకి వెళ్ళాడు. రింగు విప్పి, బోర్డుకి బిగించే రేకు దాన్నుంచి ఊడదీసి, కొత్త రింగు చేసి ఆ రేకుకే అతికాడు. మాస్టారిని టేపు పట్టుకుని రమ్మని, పిల్లలందరి ఎదుటా అటూ ఇటూ మూడుసార్లు కొలిపించుకున్నాడు. ఎవరి మీదా కోపం చూపలేదు. సాలకి వచ్చిన బండివాళ్ళు మాత్రం నెల్లాళ్ళు ఆడుకున్నారు. "ఏటి మావా, మా సక్రానికీ రెండు వేళ్ళు తగ్గించీగలవు, సూసుకో" అని ఒకడంటే ఇంకొకడు అందుకునేవాడు. వాళ్ళకది వేళాకోళం. ఆయన దానికి నవ్వేవాడే గానీ, అప్పటి నుంచి పట్టా కోసేముందు రెండోసారి, మూడోసారి కొలుస్తున్నాడని, తరవాతి సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మ నాతో చెప్పింది. ఆ మాట విన్నాకే నేను సాలలోకి వెళ్ళాను.

ఆ పాత రింగు ఏం చేశావు నాన్నా అని అడిగాను. క్షమించమని అడగడానికి నాకు దొరికిన దారి అదొక్కటే. ఆయన తిత్తి తొక్కుతూ, నా వైపు తిరక్కుండానే, "తప్పొచ్చిన ఇనుము ఉంచుకుంటారేటమ్మా? కొలిమిలో ఏసీసేను" అన్నాడు. బస్సు ఎక్కించడానికి ఎప్పటిలాగే వచ్చాడు, ఎప్పటిలాగే కిటికీలోంచి జామపళ్ళు అందించాడు. ఆట ఎలా ఉందమ్మా అన్న మాట మాత్రం సన్మానం రోజు నుంచి అడగడం మానేశాడు.

డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలోనే ఓ పెద్ద సంస్థలో స్పోర్ట్సు కోటాలో ఉద్యోగం వచ్చింది. ఇప్పటి పిల్లలు ప్రొఫెషనల్ ప్లేయరు అంటే వేలంపాటలూ, పేరు రాసిన చొక్కాలూ అనుకుంటారు. మా ప్రొఫెషన్ ఏమిటంటే పొద్దున్న ఆరింటికి కోర్టు, పది నుంచి మధ్యాహ్నం దాకా ఫైళ్ళు, మళ్ళీ నాలుగింటికి కోర్టు. టోర్నమెంటుకి వెళ్తే ఆన్ డ్యూటీ, ఓడి వస్తే మా సెక్షను పెద్దగుమాస్తా ముఖం. సెకండు క్లాసు పెట్టెల్లో తలకింద బూట్లు పెట్టుకుని పడుకుని ఎన్ని ఊళ్ళు తిరిగామో! బెంగాల్లో ఉడికీ ఉడకని చేపలు, పంజాబులో పిడికెడంత వెన్న, కేరళలో మనకంటే పొడుగైన అమ్మాయిలు. ఆ కేరళ అమ్మాయిలని చూశాక గానీ నేను పొట్టిదాన్ని కూడా కాగలనని నాకు తెలియలేదు. టీములో నా పని మారలేదు. బంతి వేసేవాళ్ళు వేరే ఉండేవారు, తప్పిన బంతి నాది. చప్పుడు వినగానే కాళ్ళు వాటంతట అవే కదిలేవి. ప్రతిసారీ ఎగిరి బంతి అందుకున్నప్పుడు ఆ రింగు గుర్తొచ్చేది, దాని వెనకే ముందు వరసలో ఆ తెల్ల చొక్కా.

పెళ్ళయింది. మా ఆయన అదే ఆఫీసులో అకౌంట్సు మనిషి, నాకంటే రెండు వేళ్ళు పొట్టి. కొలతల విషయంలో మా ఇంటికి అలా రాసిపెట్టి ఉందని నాయనమ్మ ముందు నేనే వేళాకోళం చేశాను గానీ, నాన్న ముందు ఆ మాట అనలేదు. అప్పటికి అంతమాత్రం బుద్ధి వచ్చింది. మా టోర్నమెంట్లు దసరా రోజుల్లోనే పడేవి, ఆట మానేశాక దసరా అంటే అత్తవారిల్లే అయింది. కాలేజీలో చేరాక ఒక్క ఆయుధపూజకీ నేను మా సాలలో లేను. మిగతా రోజుల్లో వెళ్ళినప్పుడు మూడుసార్లు నాన్న దగ్గర ఆ మాట ఎత్తబోయాను. ఒకసారి ఎవరో బండి తోలుకొచ్చారు, ఒకసారి అమ్మ భోజనానికి పిలిచింది, ఇంకోసారి ఎవరూ రాలేదు, ఎవరూ పిలవలేదు, నాకే నోరు పెగల్లేదు. షామియానా నిండా జనం ముందు వాగిన నోరు ఒక్క మనిషి ముందు పెగలకపోవడం ఏమిటో.

పన్నెండేళ్ళు ఆడాక కుడి మోకాలు ఇంక చాలంది. నా చివరి మ్యాచి మా సంస్థ కోర్టులోనే, విశాఖపట్నంలో. సగం ఆట అయ్యాక చూస్తే సిమెంటు మెట్ల మీద, ఎండలో, తలకి తువ్వాలు చుట్టుకుని నాన్న. ఎవరు చెప్పారో, ఏ బస్సులో వచ్చాడో. ఆయన నన్ను టీము బట్టల్లో చూడడం అదే మొదలు. ఆఖరి నిమిషాల్లో మా టీము అమ్మాయి వేసిన బంతి తప్పింది, టక్కుమంది, ముందుకి వస్తుందని తెలుసు, మోకాలిని తిట్టుకుంటూ ఎగిరాను, అందుకున్నాను, వేశాను. బంతి రింగు అంచు మీద ఒకటిన్నర చుట్టు తిరిగి, ఆలోచించుకుని, లోపల పడింది. మా టీము రెండు పాయింట్లతో గెలిచింది.

జనం వెళ్ళిపోయాక నాన్న మెట్లు దిగి, నా దగ్గరికి కాదు, రింగు కిందికి వెళ్ళి తలెత్తి నిలబడ్డాడు. కుంటుకుంటూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. లోపల కొలత ఎంతమ్మా అన్నాడు. పద్దెనిమిది అంగుళాలు నాన్నా అన్నాను. కాసేపు చూసి, "వదులుగా ఉన్నాది. ఇందాకటిది నా దాన్లో అయితే పడును గాదు. నా దాన్లో పడ్డవే పడ్డట్టు" అన్నాడు. అన్నాక తువ్వాలుతో మూతి కప్పుకుని నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. చెప్పాలనుకున్న మాట చెబుదామంటే, చోడవరం ఆఖరి బస్సు దాటిపోతుందని ఆయన అప్పటికే గేటు వైపు నడుస్తున్నాడు. ఆ తరవాత ఆరేళ్ళకి పోయాడు. ఆ నవ్వుని పట్టుకునే, నన్ను క్షమించి ఉంటాడులే అని ఇన్నేళ్ళూ సరిపెట్టుకున్నాను. క్షమించి ఉండడం వేరు, ఉంటాడులే అనుకోవడం వేరు.

పోయిన ఆదివారం ఉప్మా తిన్నాక తమ్ముడికి ఈ కథంతా చెప్పాను. సన్మానం రోజుకి వాడు పలకాబలపం పిల్లాడు, వాడికేం గుర్తు లేదు. నేను ఆ రింగుని తడిగుడ్డతో తుడుస్తున్నాను. మసి పొరలు పొరలుగా వస్తోంది. ఒకచోట మసి కింద ఎరుపు కనిపించింది. తుప్పు అనుకున్నాను. గోటితో గీకితే ఎరుపు కింద పసుపు, దాని కింద మళ్ళీ మసి, మళ్ళీ ఎరుపు. బొట్టు. దాని మీద బొట్టు. ఎన్ని ఏళ్ళవో.

ఇదేంట్రా అని అడిగాను. "దసరాకి పెట్టిందే కదప్పా. సుత్తికీ దాగలికీ పెట్టేక నాన్న దీనికీ పెట్టీవోడు. ఆయన పోయేక ఏటేటా నేను పెడతన్నాను" అన్నాడు వాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. ఇది ఏ సామానని ఎప్పుడూ అడగలేదా అంటే, చిన్నప్పుడు ఒకసారి అడిగాడట. పని తప్పినదానికి బొట్టు లేదంటావు కదా, దేనికీ పనికిరాని దీనికి ఎందుకు అని. నాన్న బొట్టు పెట్టిన వేలు తువ్వాలుకి తుడుచుకుంటూ, "దీనికి కొలత తప్పింది గానీ పని తప్పనేదురా" అన్నాడట. వాడికి అర్థం కాలేదు, వదిలేశాడు.

తమ్ముడు సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు చోడవరంలో బండి పట్టా వేసే మనిషి ఒక్కడూ లేడు. చెరుకు ట్రాక్టర్ల మీద పోతుంది, రబ్బరు టైర్లకి ఎవరి చేతి కొలతా అక్కర్లేదు. మా స్కూల్లో ఇప్పుడు రింగు పెట్టెలో వస్తుందట, స్ప్రింగు ఉంటుందట, అంగుళంలో వెంట్రుకవాసి తేడా ఉండదట. మంచిదే. ఈ కాలం పిల్లలు పడిన బంతులతో ఆట నేర్చుకుంటున్నారు, నేను పడని బంతులతో నేర్చుకున్నాను. వాళ్ళ రింగు ఎవరు చేశారో వాళ్ళకి తెలియదు, బోల్టులు బిగించే మిషతో వచ్చి గోడకి ఆనుకుని నిలబడేవాళ్ళూ ఉండరు. అప్పట్లో బంతి పడినప్పుడల్లా రింగువైపు చూసి ఆయన ఎందుకు తల ఊపేవాడో నాకిప్పుడు తెలుస్తోంది. అక్కడ ఆయన పనీ నా పనీ ఒకేసారి కనిపించేవి.

రింగుని బాల్కనీ గోడకి, నా చెయ్యి అందేంత ఎత్తులో మేకు కొట్టించి తగిలించాను. తుడిచిన మసి పోతే పోయింది గానీ, ఆ ఎరుపు దగ్గర మళ్ళీ గుడ్డ పెట్టలేదు. దసరా ఇంకా రెండు నెలలుంది. నలభై ఏళ్ళుగా ఆయుధపూజకి మా సాలలో లేని నేనే ఈసారి దీనికి బొట్టు పెడతాను. ఎవరూ నిచ్చెన వెయ్యక్కర్లేదు, ఎగరక్కర్లేదు కూడా.